రంగు తేల్చమన్నారు

మనుషుల బొమ్మలు వేసే పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలు అప్పుడప్పుడూ నన్ను వెతుక్కుంటూ వస్తారు. కూర్చోగానే అడిగేది ఒకటే. ఏ కంపెనీ బ్రష్‌లు వాడేవారు మేడమ్, ఏ కంపెనీ రంగులు? వంట రానివాడు గిన్నెల దుకాణం అడ్రసు అడిగినట్టుంటుంది. ఎదురుగా కూర్చున్న నా ముఖం మీద కిటికీ వెలుగు ఎటు నుంచి పడుతోందో ఒక్కడూ చూడడు. అలాంటివాళ్లకి టీ ఇచ్చి పంపించేస్తాను. వేరే రకం పిల్లలు ఎక్కడైనా ఉంటే, ఇది వాళ్ల కోసం.

నా పనేమిటో ముందు చెప్పాలి. సూరత్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఫొటోలు చూసి నూనె రంగులతో పటాలు వేశాను. అందులో ముప్పాతిక వంతు పోయినవాళ్లవే. బతికున్న మనిషికి పటం వేయించాలని ఎవరికీ తోచదు. మా నాన్న సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి వచ్చి సూరత్‌లోనే గోడాదరా పేటలో స్థిరపడ్డాడు. నాకు బొమ్మలు గీయడం వచ్చని తెలిసి, చీరల మీద పువ్వులు గీసే పనిలో చేరమన్నాడు. నాకు పువ్వుల కంటే ముఖాలే నచ్చాయి. గుజరాతీలు నన్ను శారదాబెన్ అన్నారు, మనవాళ్లు శారదక్క అన్నారు. నేను పనిచేసిన స్టూడియో శేఠ్ మాత్రం కోపం వచ్చినప్పుడల్లా 'ఆర్టిస్ట్' అనేవాడు. ఆయన నోట్లో అది తిట్టే.

నలుపు ట్యూబు

నాకు పని నేర్పిన మాస్టర్‌జీ అప్పటికే ముసలాయన. వయసులో ఉన్నప్పుడు నాటకాలకి తెరలు వేసేవాడు. మొదటి రోజు నా రంగుల పెట్టె తెరిచి, నలుపు ట్యూబు తీసి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. "ఎండలో నలుపు ఎక్కడుందో చూపించు, ఇంకొకటి కొనిస్తా" అన్నాడు హిందీలో. నేను గోడ మీద వాలిన కాకిని చూపించాను. "దాని వీపు చూడు" అన్నాడు. చూశాను. వీపంతా నీలంగా మెరుస్తోంది. ఇంక ట్యూబు అడగలేదు.

ఆయన గోడకి విదేశీ పత్రికలోంచి చింపిన ఒక బొమ్మ అంటించి ఉండేది. ఫ్రాన్సులో ఇంప్రెషనిస్టులు అనేవాళ్లు వేసిన తరహా బొమ్మ. తోటలో ఒకావిడ తెల్ల గౌను వేసుకుని, గడ్డి టోపీ పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ తెల్ల గౌనులో తెలుపు ఎంత వెతికినా దొరకదు. నీడపట్టున నీలం, మడతల్లో ఊదా, ఎండ తగిలినచోట లేత పసుపు. గడ్డం కింద పచ్చిక రంగు. టోపీ అల్లికలోంచి జారిన ఎండ చుక్కలు ముక్కు మీదా పెదవి మీదా. నాతోపాటు నేర్చుకునే ఇద్దరు అబ్బాయిలు "ఈమెకి కామెర్లు వచ్చాయి" అని పడీపడీ నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

మాస్టర్‌జీ మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్లి నన్ను మధ్యాహ్నపు ఎండలో నిలబెట్టాడు. నా తెల్ల చున్నీ పక్కన ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్ పెట్టాడు. చున్నీ అంచు గులాబీ రంగుకు తిరిగింది. బకెట్ తీసేస్తే పోయింది, మళ్లీ పెడితే వచ్చింది. నేను నోరెళ్లబెట్టి చూస్తున్నాను. అబ్బాయిల్లో ఒకడు "ఇందులో ఏముంది, బకెట్ రంగు అంటుతున్నట్టుంది" అన్నాడు. తర్వాత వాడు గోడలకి సున్నం కొట్టే కాంట్రాక్టులు పట్టుకున్నాడు. వాడికి తగిన పనే దొరికింది.

ఆ బకెట్ దగ్గర నేర్చుకున్నదే నా మొత్తం చదువు. ఆరుబయట నిలబడ్డ మనిషి ముఖానికి సొంత రంగంటూ ఒక్కటి ఉండదు. నుదురు ఆకాశం రంగును కొంత తీసుకుంటుంది. గడ్డం కిందికి నేల రంగు చేరుతుంది. చెంపకి పక్కనున్న గుడ్డ రంగు అంటుతుంది. ఎండ పసుపైతే నీడ ఊదాకి తిరుగుతుంది. వీటన్నిటినీ పక్కపక్కన విడివిడి గీతలుగా పెట్టాలి. కలిపి రుద్దితే బురదవుతుంది. దగ్గరగా చూస్తే మరకలే కనిపిస్తాయి, కొంచెం దూరం జరిగితే మనిషి కనిపిస్తుంది. పటం కొనేవాళ్లలో దూరం జరిగి చూసినవాళ్లు నాకు అరుదుగా తగిలారు. ముక్కు ఆనించి వాసన చూసేవాళ్లే ఎక్కువ.

ముఖం రంగు డబ్బా

మాస్టర్‌జీ పోయాక శేఠ్ స్టూడియోలో చేరాను. ఆయన దగ్గర 'ముఖం రంగు' అని ఒక డబ్బా ఉండేది. ముందే కలిపి పెట్టిన రంగు, మీగడలో కుంకుమ పడ్డట్టు ఉండేది. ఎవరి ఫొటో వచ్చినా ముందు ఆ డబ్బాలో బ్రష్ ముంచాలి. బార్డోలీ చెరకు రైతు, మార్కెట్లో మూటలు మోసిన మనిషి, మిల్లు యజమాని తల్లి, అందరికీ అదే. సూరత్‌లో పోయినవాళ్లంతా ఒకే తల్లి కడుపున పుట్టినట్టు గోడల మీద వేలాడేవాళ్లు.

ఒకసారి నేను ఒక రైతు నుదుటి మీద కొంచెం నీలం వేశాను. "తలకి దెబ్బ తగిలి పోయాడా?" అని అడిగాడు శేఠ్. "కాదు, ఆకాశం కింద నిలబడి ఫొటో దిగాడు" అన్నాను. "ఆకాశం ఫ్రేములో ఉండాలి శారదాబెన్, ముఖం మీద కాదు" అని ఆ డబ్బా నా చేతిలో పెట్టాడు. ఇంత తెలివి ఉన్న మనిషితో వాదించి నా నోరు నొప్పి పుట్టింది కానీ ఫలితం లేదు.

మన తెలుగువాళ్లు ఇంకో తీరు. ఫొటో ఇస్తూనే "కొంచెం రంగు తేల్చండి" అంటారు. మునిగిపోయినదాన్ని కదా తేల్చాలి. అంటే ఆ మనిషి నలుపులో పడి మునిగిపోయినట్టు, నేను జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగాలన్నట్టు మాట్లాడతారు. మన భాషలో ఛాయ అంటే నీడ, ఛాయ అంటే ఒంటి రంగు కూడా. ఆ రెండింటికీ ఒకే మాట పెట్టినవాళ్లెవరో మనిషిని ఎండలో పెట్టి చూసి ఉంటారు. మనవాళ్లకి మాత్రం ఆ మాట పెళ్లి సంబంధాల దగ్గర 'చామనఛాయ' అని గొంతు తగ్గించి చెప్పుకోవడానికే పనికొస్తోంది.

ఒక బ్యాంకు ఆఫీసరు వాళ్లమ్మ ఫొటో తెచ్చాడు. పెరట్లో తులసి దగ్గర నిలబడ్డ ముసలావిడ, మంచి వెలుగు. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "రంగు తేల్చండి. ఆ బుగ్గ మీద మచ్చ తీసేయండి. మెడలో గొలుసు వేయండి, పాపం ఎప్పుడూ వేసుకోలేదు. ముడతలు వద్దండి." శేఠ్ నా వెనకే నిలబడి అన్నిటికీ తలూపాడు. అన్నీ చేశాను. పటం పూర్తయ్యాక ఆయన చాలాసేపు చూసి, "ఇది మా అమ్మలా లేదండీ" అన్నాడు.

"కాదండీ. మీరు ఆర్డరిచ్చినావిడ" అన్నాను.

ఆయనకి కోపం వచ్చింది, శేఠ్‌కి ఇంకా ఎక్కువ వచ్చింది. నాకు మాత్రం ఆ పూట అన్నం రుచిగా ఉంది.

జెల్ పూసే పని

కరోనా మొదటిసారి వచ్చి ఊరు మూతబడినప్పుడు డైయింగ్ మిల్లుల పొగగొట్టాలు ఆగిపోయాయి. సూరత్ ఆకాశం అంత నీలంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మా డాబా మీద బట్టలు ఆరేస్తే వాటి నీడలు కూడా నీలంగా పడేవి. జనం బియ్యం కోసం వరసల్లో నిలబడుతుంటే ఈవిడకి నీడల గొడవేమిటని మీరనుకుంటారు. నేనూ ఆ వరసలోనే నిలబడ్డాను. నిలబడినంతసేపూ నీడల్నే చూశాను.

రెండోసారి వచ్చినప్పుడు పటాల ఆర్డర్లు మీదపడ్డాయి. శేఠ్‌కి తీరిక లేదు. చేత్తో వేయడం మానేసి కంప్యూటర్ దగ్గర ఇద్దరు కుర్రాళ్లని కూర్చోబెట్టాడు. వాళ్లు ఒక మీట నొక్కితే ముఖం నునుపవుతుంది, ఇంకోటి నొక్కితే తెల్లబడుతుంది, మూడోది నొక్కితే వెనక జలపాతం వస్తుంది. దాన్ని కాన్వాసు గుడ్డ మీద అచ్చు కొడతారు. నా పని ఏమిటంటే, ఆ అచ్చు మీద రంగులేని జెల్ బ్రష్‌తో పూయడం. అది ఆరాక గీతలు తేలి, చేత్తో వేసిన బొమ్మలా కనిపిస్తుంది. ముఖం రంగు డబ్బాయే నయమనిపించింది. అందులో కనీసం రంగు ఉండేది.

"మనుషులు ఏడుస్తూ వస్తున్నారు. వాళ్లకి తొందరగా ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా" అన్నాడు శేఠ్.

"ఏదో ఒకటి పెట్టేదానికి నేనెందుకు?" అని బ్రష్ కడిగేసి ఇంటికొచ్చాను. నా రిటైర్మెంటు అంతే. దండలూ లేవు, ప్రసంగాలూ లేవు.

అగాసీ మీద పద్మ

కొన్ని నెలల తర్వాత ఊళ్లోనే నవాగామ్ పేట నుంచి లావణ్య అనే అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. తండ్రి రాజేశం మగ్గం పని చేస్తాడు, మాకు దూరపు బంధువు. ఆ అమ్మాయి తల్లి పద్మ రెండోసారి వచ్చిన కరోనాలో ఆసుపత్రిలో పోయింది. వెంట తెచ్చిన పటం మీది గుడ్డ తీసి నా ముందు పెట్టింది. శేఠ్ దుకాణంలో చేసిందే, జెల్ ఎవరు పూశారో కానీ చేయి కూడా సరిగ్గా తిరగలేదు. తెల్లటి, నున్నటి ఆడమనిషి. వెనక జలపాతం.

"ఆంటీ, ఈమె ఎవలో నాకెర్కలేదు" అంది లావణ్య. "బాపు పోయి చేయించుకొచ్చిండు. సంవత్సరీకం నాడు గోడకు పెడ్తరట. చుట్టాలంతా అచ్చా హై, మస్తున్నది అంటున్నరు. మా అమ్మ గిట్ల లేకుండె."

"మీ బాపు తెల్లగా చేయమన్నాడా?"

"మా అవ్వ చెప్పింది. బతికినన్ని దినాలు నల్లగనే ఉన్నది, పటంలనన్న తెల్లగ ఉండనియ్యిండ్రి అని."

ఈ అవ్వ పేరు నర్సవ్వ. పద్మ అత్తగారు. కోడలు ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి పేరు పెట్టి పిలవలేదు, నల్లది అనే పిలిచింది. ఆ సంగతి గోడాదరా దాకా అందరికీ తెలుసు. ఇప్పుడు కోడలు పోయాక ఆమెకి ఇచ్చే కానుక ఇది. నాకు ఒళ్లు మండింది. బతికుండగా పేరు తీసేశారు, పోయాక ముఖం కూడా తీసేస్తున్నారని తిట్టాను. ఆ అమ్మాయి తిట్లు ఆగేదాకా ఓపిగ్గా కూర్చుంది.

"ముఖం సూడలే ఆంటీ" అంది తర్వాత. "దవఖానల ప్లాస్టిక్ సంచిల సుట్టేసి ఇచ్చిండ్రు. దూరం దూరం అన్నరు. బాపు సూడలే, అవ్వ సూడలే, నేను సూడలే. ఇగ గోడ మీద ఏదుంటే గదే యాదికుంటది. పదేండ్లయినంక నాకు గూడ గీ తెల్లామెనే అమ్మ అయితది. నాకు గదే భయం."

పోయినవాళ్ల పటాలు ఇన్నేళ్లు వేసిన నేను ఇంత సూటిగా ఎప్పుడూ అనుకోలేదు. గోడ మీద ఏది ఉంటే మనసులో అదే మిగులుతుంది. ఆ అమ్మాయికి గుర్తున్న ముఖం తప్ప తల్లిది ఇంకేమీ మిగలలేదు. సరే, వేస్తానన్నాను.

ఆమె ఫోన్‌లో ఒక ఫొటో ఉంది. మొదటి లాక్‌డౌన్‌లో తీసింది. సూరత్‌లో డాబాని అగాసీ అంటారు, వాళ్ల అగాసీ మీద పద్మ తాడుకి చీర ఆరేస్తోంది. చీర ఆమెది కాదు. వ్యాపారి దగ్గర్నుంచి రాళ్లు అతికే పనికి తెచ్చుకున్న మామిడిపండు రంగు జార్జెట్. మార్కెట్ మూతబడితే చీరలు మూటలో ముక్కిపోతున్నాయని ఎండకి తీసింది. చీరలోంచి వడకట్టుకుని వచ్చిన ఎండ ఆమె చెంప మీద పడింది. పిలిస్తే ఇటు తిరిగినట్టుంది, నవ్వబోతోంది.

మంచి ఫొటో. కానీ ఫోన్ తన వంతు వెధవ పని అది చేసింది. అడగకుండానే చర్మం నునుపు చేసి, నీడలన్నీ తుడిచేసింది. దాన్ని చూసి వేస్తే మళ్లీ శేఠ్ డబ్బా దగ్గరికే చేరతాం. అందుకని ఆ రంగు జార్జెట్ గుడ్డ తెమ్మన్నాను. సూరత్‌లో దొరక్కపోతే అది ఇంకెక్కడా దొరకదు. ఫొటో తీసిన వేళకే వాళ్ల అగాసీకి వెళ్లి, గుడ్డని తాడుకి వేసి, లావణ్యని దాని పక్కన నిలబెట్టాను. ఆ అమ్మాయిది తల్లి ఛాయే.

"గుడ్డ వెనక చేయి పెట్టి చూడు" అన్నాను.

చేయి చూసుకుని "అరే, సోనా లెక్క అయ్యింది" అంది. చేతిని గుడ్డ అవతలికీ ఇవతలికీ జరుపుతూ చూసింది. తర్వాత ఏడ్చింది. ఏడవనిచ్చి నా పని నేను చేసుకున్నాను, ఎండ ఎవరికోసమూ ఆగదు కదా.

నల్లటి చర్మం ఎండని ఎలా పట్టుకుంటుందో చూడనివాళ్లు ఈ పనికి రావద్దు. తెల్ల చెంప మీద ఎండ పడితే చప్పగా వెలిసిపోతుంది. ఈ చెంప మీద ముదురు బంగారం, దాని అంచున ఎరుపు, దవడ దగ్గర ఊదా. అగాసీ నేలకి ఆకుపచ్చ పింగాణీ ముక్కలు అతికారు, వాటి మీంచి లేచిన వెలుగు గడ్డం కింద లేత ఆకుపచ్చగా చేరింది. నుదుటి మీది నీలం మాత్రం ఆ రోజు దొరకలేదు, మిల్లుల పొగ మళ్లీ మొదలైంది. లాక్‌డౌన్ ఆకాశాన్ని గుర్తు తెచ్చుకుని వేశాను. పటంలో నలుపు ఎక్కడా లేదు, జుట్టులో కూడా.

గది బయటి నుంచి

సంవత్సరీకం రోజున నవాగామ్ వెళ్లాను. వరస గదుల బిల్డింగులో రెండో అంతస్తు, వాళ్లది ఒకే గది. గోడకి అప్పటికే జలపాతం ఆవిడని పెట్టి దండ వేశారు. లావణ్య నా పటం తెచ్చి దాని పక్కన బల్ల మీద ఆనించింది. రాజేశం దగ్గరగా వచ్చి, వంగి చూశాడు.

"శారదక్కా, తప్పనుకోకు. గీ పచ్చ మరకలేంది? బుగ్గ మీద పసుపేంది? దవఖాన దినాలు యాదికొస్తున్నయ్. జర రంగు తేల్చరాదు?"

"దూరం జరిగి చూడు" అన్నాను.

"ఏడికి జరగాలె? ఎనక గోడే ఉన్నది."

నిజమే. ఆ గదిలో ఎటు జరిగినా రెండడుగులకే గోడ. ఇంప్రెషనిస్టులకి తోటలున్నాయి, వీళ్లకి ఇంటిల్లిపాదికీ ఒక గది ఉంది. చుట్టాలు ఒక్కొక్కళ్లే ముక్కు దగ్గర పెట్టి చూసి, ముఖాలు చిట్లించి తప్పుకున్నారు. ఒకాయన వేలితో గీకి కూడా చూశాడు. లావణ్య పటం పక్కనే నిలబడింది. గోడ మీద రెండో మేకు లేదు. ఏదో ఒక్కటే ఉండాలి, ఏది ఉండాలో అందరూ తేల్చేసినట్టే ఉంది. నేను ఓడిపోయాననే అనుకున్నాను. చెప్పులు వేసుకుందామని వాకిట్లోకి నడిచాను.

నర్సవ్వ బయట వరండాలో ఉంది. లోపల చోటు చాలక ఆమెని అక్కడ, ఎదుటి పిట్టగోడకి ఆనించి కూర్చోబెట్టారు. కళ్లకి శుక్లాలు, ఆపరేషను కరోనా వల్ల ఆగిపోయింది. లోపల ఎవరు ఏ పటం తెచ్చారో ఆమెకి తెలియదు, ఎవరూ చెప్పలేదు. వాకిలికి అడ్డంగా నిలబడ్డ చుట్టాలు నాకు దారివ్వడానికి పక్కకి తొలిగారు. వరండా నుంచి తలుపు మీదుగా బల్ల దాకా ఖాళీ ఏర్పడింది.

నర్సవ్వ తల ఎత్తింది. చేయి కళ్లకి అడ్డం పెట్టుకుని లోపలికి చూసింది.

"ఏందే నల్లదానా" అంది విసుగ్గా. "గా ఎండల ఏం జేస్తున్నవ్? లోపటికి రా."

రాజేశం తల్లి వైపు చూసి, ఆమె ఎటు చూస్తోందో అటు చూశాడు. తలుపు దాటి వరండాలోకి వచ్చి, ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అక్కణ్నుంచి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి లోపలికి వెళ్లి, గోడ మీది తెల్లావిడ మెడలోంచి దండ తీశాడు.

"నిన్నేనే, ఇనవడ్తలేదా?" నర్సవ్వ ఇంకా పిలుస్తూనే ఉంది. "ఎండ దెబ్బ తగుల్తది. లోపటికి రాయె."